మీకు తెలుసా? పాత స్పోర్ట్స్ కారుకు కొత్త ఇంజిన్: అసలు లెక్క చిన్న భాగాలదే

యాభై ఏళ్ల కిందటి స్పోర్ట్స్ కారు. ఒంపుసొంపులు అలాగే ఉన్నాయి, ఇంజిన్ మాత్రం బోర్‌కొచ్చింది. దాన్ని దింపేసి, అంతకు రెండింతల బలమున్న కొత్తతరం ఇంజిన్‌ను ఎక్కించడం అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియాల్లో ఎందరికో ప్రాణం. ఈ పనిని ‘ఇంజిన్ స్వాప్’ అంటారు. ఇందులో తరచూ కనిపించే జోడీ ఒకటుంది. కారు జపాన్‌ది, డాట్సన్ 240జెడ్. ఇంజిన్ అమెరికాది, ఎల్‌ఎస్1. ఆ జోడీనే ముందు పెట్టుకుని భాగాల ఎంపికలోని సంగతులు చూద్దాం. చద్ది కంటే ఊరగాయ ఘనమని మన సామెత. ఈ పనికి అది అచ్చంగా సరిపోతుంది. ఇంజిన్ ఒక్క రోజులో దొరుకుతుంది. దాని చుట్టూ అమరాల్సిన చిన్న భాగాలే నెలలు తినేస్తాయి.

జోడీ బలాబలాలు

240జెడ్‌ను డాట్సన్ బ్రాండు యజమాని నిస్సాన్ 1969 అక్టోబరులో జనం ముందుకు తెచ్చింది. జపాన్‌లో దాని పేరు ‘ఫెయిర్‌లేడీ జెడ్’. అమెరికాలో సంస్థ బాధ్యతలు చూసిన యుతాకా కతయామాకు ఆ పేరు నచ్చలేదు. బ్యాడ్జీలు తీయించి 240జెడ్ అని పెట్టించారు. వరుసగా ఆరు సిలిండర్లు, 2,393 సీసీ, 151 హార్స్‌పవర్, బరువు సుమారు 1,050 కిలోలు. ఎల్‌ఎస్1 తొలిసారి 1997 మోడల్ షెవర్లే కార్వెట్‌లో వచ్చింది. వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, 5,665 సీసీ, 345 హార్స్‌పవర్. టార్క్ అయితే 198 న్యూటన్ మీటర్ల నుంచి 475కు ఎగబాకుతుంది. క్లచ్ నుంచి వెనక చక్రాల దాకా ప్రతి భాగమూ మోయాల్సింది ఈ రెండో అంకెనే.

కంపెనీలే వేసిన బాట

ఇంజిన్ మార్పిడి షెడ్లలో పుట్టిన సరదా అనుకుంటాం. కానీ నిస్సాన్ స్వయంగా 1969లో ఇదే కారులో స్కైలైన్ జీటీ-ఆర్ రేసింగ్ వంశపు 1,989 సీసీ ఇంజిన్ పెట్టి ‘జెడ్432’ అమ్మింది. ఆ పేరులోనే లెక్కంతా ఉంది: సిలిండరుకు 4 వాల్వులు, 3 కార్బురేటర్లు, 2 క్యామ్‌షాఫ్టులు. అంతకు ముందే, 1962లో, కారోల్ షెల్బీ బ్రిటిష్ కారు ఏసీ ఏస్‌లో ఫోర్డ్ వీ8 ఎక్కించి ‘కోబ్రా’ను పుట్టించాడు. ఆ తర్వాత 7 లీటర్ల ఇంజిన్ పెట్టాలనుకున్నప్పుడు పాత ఛాసిస్ చాలలేదు. 1965లో 3 అంగుళాల గొట్టాల స్థానంలో 4 అంగుళాల గొట్టాలతో ఛాసిస్‌నే కొత్తగా కట్టాల్సి వచ్చింది. ఇంజిన్ పెరిగితే ఒళ్లూ పెరగాలి.

డిస్ట్రిబ్యూటర్ ముంచిన కారు

బ్రిటన్‌లో రూట్స్ సంస్థ 1964లో తన సన్‌బీమ్ ఆల్పైన్‌లో 4.2 లీటర్ల ఫోర్డ్ వీ8 అమర్చి ‘టైగర్’ పేరుతో విడుదల చేసింది. చోటు ఎంత ఇరుకంటే, ఒక స్పార్క్ ప్లగ్ విప్పాలంటే కారు లోపలికెళ్లి, ఫైర్‌వాల్‌కు పెట్టిన మూత తీసి చెయ్యి పెట్టాలి. 1967 నాటికి రూట్స్ పూర్తిగా క్రైస్లర్ చేతికి వెళ్లింది. పోటీ కంపెనీ ఇంజిన్‌తో కారు అమ్మడం క్రైస్లర్‌కు ఇష్టం లేదు. సొంత వీ8 పెడదామంటే అందులో సిలిండర్లకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ వెనక ఉంది. ఫోర్డ్ ఇంజిన్‌లో అది ముందుంటుంది. వెనక చోటు లేదు. టైగర్ తయారీ ఆగిపోయింది. ఒక్క భాగం ఏ వైపు ఉందన్నది ఒక మోడల్ ఆయుష్షునే తేల్చేసింది.

పెద్దదైనా తేలికే

సిలిండర్లు పెరిగితే ముందు భాగం బరువెక్కి కారు మలుపు తిరగదన్న భయం చాలామందికి ఉంటుంది. 1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 దీనికి జవాబు. అందులోని 3,528 సీసీ రోవర్ వీ8 అల్యూమినియంది. మామూలు ఎంజీబీలోని 1,798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఇనుముది. తూకం వేస్తే ఎనిమిది సిలిండర్లదే కాస్త తేలిక. అందుకే ఇంజిన్ ఎంచేటప్పుడు సీసీ కంటే ముందు అడగాల్సింది బ్లాకు ఏ లోహమన్నదే. ఎల్‌ఎస్1 బ్లాకు అల్యూమినియం. అదే కుటుంబానికి చెందిన 5.3 లీటర్ల ట్రక్కు ఇంజిన్లు చాలావరకు ఇనుప బ్లాకువి. ధర తక్కువ, బరువు ఎక్కువ.

పొట్టి ఇంజిన్ రహస్యం

చాలా కొత్తతరం ఇంజిన్లలో క్యామ్‌షాఫ్టులు సిలిండర్ హెడ్ మీద ఉంటాయి. వీ ఆకారపు ఇంజిన్‌కు అలాంటివి నాలుగు పెడితే రెండు హెడ్లూ ఉబ్బి, ఇంజిన్ వెడల్పెక్కుతుంది. ఎల్‌ఎస్‌లో ఉన్నది ఒకటే క్యామ్‌షాఫ్టు, అదీ బ్లాకు మధ్యలో. అక్కణ్నుంచి పుష్‌రాడ్లు వాల్వులను కదిలిస్తాయి. పాత పద్ధతే గానీ దానివల్ల హెడ్లు చిన్నవై, ఇరుకు కార్లలో ఒదుగుతుంది. ఒక హెచ్చరిక: ట్రక్కు ఇంజిన్ కొంటే దాని ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎత్తుగా ఉంటుంది, 240జెడ్ బానెట్ మూతపడదు. కార్వెట్ లేదా కమారో కార్లకు వచ్చిన పొట్టి మానిఫోల్డ్ విడిగా కొనాలి. ఆ ఖర్చు కలిపాకే ట్రక్కు ఇంజిన్ చవకో కాదో తేలుతుంది.

ముందు తుప్పు, తర్వాతే ఇంజిన్

240జెడ్‌కు విడిగా ఛాసిస్ లేదు. బాడీ రేకే బరువు మోస్తుంది. బ్యాటరీ కింది తొట్టి, ఫ్లోరు, డోర్ల కింది పట్టీలు, ఫ్లోరు అడుగున పోయే పల్చటి దూలాలు తుప్పుకు ఇష్టమైన చోట్లు. రెండున్నర రెట్ల టార్క్ ఈ రేకు మీద పడితే తుప్పు పట్టినచోట చీలిక వస్తుంది. అందుకే అనుభవజ్ఞులు మొదట కొనేది వెల్డింగ్ రేకు, ఆ దూలాల మీద తొడిగే మందపాటి ఉక్కు పట్టీలు. ఇంజిన్ కొని షెడ్లో పెట్టుకుని, కింద రేకు లేదని తర్వాత తెలుసుకున్నవాళ్ల కార్లు ఏళ్ల తరబడి కదలవు.

బరువులేని ఇంజిన్ కూడా అమ్ముతారు

కొలతలు సరిచూసుకోవడానికి అచ్చం అసలు ఇంజిన్ ఆకారంలో ప్లాస్టిక్ డమ్మీ బ్లాకులు దొరుకుతాయి. ఇద్దరు పట్టుకుని బానెట్ కింద దించి, స్టీరింగ్ రాడ్ ఎక్కడ తగులుతోంది, ఎగ్జాస్ట్ గొట్టం ఎటు పోవాలి, ఫైర్‌వాల్‌కు ఎంత ఎడం ఉంది అన్నీ చూసుకోవచ్చు. చైన్ పుల్లీకి వేలాడే అసలు ఇంజిన్‌తో అదే పని ఇరవై సార్లు చేయడం కష్టం, ప్రమాదం కూడా. ఇంజిన్‌ను కూర్చోబెట్టే మౌంట్లు కొనడం, వెల్డింగ్ చేయించడం ఈ కొలతల తర్వాతి మాట.

చాంబర్ లోతు ఎంత?

మన మెకానిక్‌లు ఆయిల్ చాంబర్ అని పిలిచే భాగం ఇంజిన్ కింద ఎటువైపు లోతుగా ఉందన్నది చాలా ముఖ్యం. కారు ముందు భాగంలో చక్రాల మధ్య అడ్డంగా ఒక ఉక్కు దిమ్మె, దాని దగ్గరే స్టీరింగ్ ర్యాక్ ఉంటాయి. చాంబర్ లోతైన భాగం వాటి మీదికి వస్తే ఇంజిన్ కూర్చోదు. ఎల్‌ఎస్ కుటుంబం ఎన్నో రకాల కార్లలో, ట్రక్కుల్లో వచ్చింది గనుక చాంబర్లూ అన్ని ఆకారాల్లో దొరుకుతాయి. చాంబర్ మార్చినప్పుడు ఆయిల్ పీల్చే గొట్టాన్ని, డిప్‌స్టిక్‌ను కూడా దాని జతవే తీసుకోవాలి. లేకపోతే వేగంగా మలుపు తిరిగినప్పుడు ఆయిల్ పక్కకు పోయి, పంపు గాలి పీలుస్తుంది. బేరింగులు పోవడానికి కొన్ని క్షణాలు చాలు.

వంకరగా ఉంటేనే మేలు

గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు చివరలా క్రాస్ జాయింట్లు ఉంటాయి. కోణంలో తిరిగే క్రాస్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. ముందు కోణమూ వెనక కోణమూ సమానంగా ఉంటే ఒకదాని ఊపును ఇంకోటి చంపేస్తుంది. తేడా ఉంటే కారంతా వణుకుతుంది. అలాగని పూర్తి తిన్నగానూ ఉండకూడదు. క్రాస్ లోపలి సూది రోలర్లు కాస్తయినా దొర్లకపోతే ఒకే చోట నొక్కుకుని గుంటలు పడతాయి. 1 నుంచి 3 డిగ్రీల కోణం ఆరోగ్యకరం. మౌంట్లు కొనేముందు ఈ కోణం కొలవాలి.

రెండు వెంట్రుకల తేడా

ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపే గంట ఆకారపు బెల్ హౌసింగ్ మధ్య బిందువు, క్రాంక్‌షాఫ్ట్ మధ్య బిందువు ఒకే చోట ఉండాలి. సాధారణంగా ఒప్పుకునే తేడా 0.13 మిల్లీమీటర్లు, అంటే రెండు వెంట్రుకల మందం. వేరే కంపెనీ గేర్‌బాక్స్‌ను అడాప్టర్ ప్లేటుతో బిగించేవాళ్లు డయల్ గేజ్‌తో దీన్ని కొలిచి తీరాలి. కొలవకపోతే గేర్లు గట్టిగా పడతాయి, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ త్వరగా అరుగుతుంది. ఇంజిన్‌తో పాటు అదే కారు గేర్‌బాక్స్, హౌసింగ్, ఫ్లైవీల్ కలిపి కొంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

అంగుళంలో ఎనిమిదో వంతు

240జెడ్ క్లచ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్ ముప్పాతిక అంగుళం కంటే కాస్త చిన్నది, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు. కొత్త గేర్‌బాక్స్ క్లచ్‌కు అది పంపే ఆయిల్ చాలదు. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు పడదు. ముప్పాతిక అంగుళం మాస్టర్ పెడితే ఒక్క తొక్కుకు 44 శాతం ఎక్కువ ఆయిల్ వెళ్తుంది. వ్యాసం పెరిగితే వైశాల్యం దాని వర్గంతో పెరుగుతుంది మరి. అయితే పెడల్ బరువూ అదే 44 శాతం పెరుగుతుంది. బ్రేకు మాస్టర్‌కూ ఇదే లెక్క. ఇంకా పెద్దది పెడితే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు.

పేరులోనే కొలత

240జెడ్ వెనక డిఫరెన్షియల్ పేరు ఆర్180. తర్వాతి 280జెడ్‌లో వచ్చినది ఆర్200. ఈ అంకెలు లోపలి క్రౌన్ వీల్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. పెద్ద క్రౌన్‌కు పళ్లు పెద్దవి, ఓర్పు ఎక్కువ. వీ8 పెట్టేవాళ్లు ఆర్200కు మారడం ఆనవాయితీ. దాంతోపాటు పక్క షాఫ్టులూ, వాటి జాయింట్లూ చూసుకోవాలి. క్రౌన్ బలపడితే దెబ్బ ఆ తర్వాతి బలహీనమైన భాగం మీదికి మారుతుంది.

గేరు లెక్క నోటితోనే వేయొచ్చు

240జెడ్ టైరు ఒక్క చుట్టుకు సుమారు 2 మీటర్లు నడుస్తుంది. గంటకు 100 కిలోమీటర్లంటే నిమిషానికి 833 చుట్లు. అమెరికాలో అమ్మిన నాలుగు గేర్ల 240జెడ్‌లో టాప్ గేరు నేరుగా తిరిగేది, వెనక నిష్పత్తి 3.36. ఇంజిన్ నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరగాలి. కమారోలో ఎల్‌ఎస్1తో వచ్చిన ఆరు గేర్ల టీ56 బాక్సులో ఆరో గేరు నిష్పత్తి 0.50. దానికి 3.54 నిష్పత్తి ఆర్200 జతచేస్తే అదే వేగంలో 1,475 చుట్లు చాలు. రెండింతల పెద్ద ఇంజిన్ హైవే మీద సగం చుట్లతో సాగిపోతుంది. డిఫరెన్షియల్ కొనేముందు కాగితం మీద ఈ లెక్క వేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

సన్నటి ఆవిరి గొట్టం

ఎల్‌ఎస్ హెడ్ల పైభాగంలో చిన్న రంధ్రాలుంటాయి. కూలెంట్‌లో పుట్టే ఆవిరి బుడగలు వాటిద్వారా సన్నటి గొట్టంలోకి, అక్కణ్నుంచి రేడియేటర్ పైభాగానికి పోతాయి. పాత రేడియేటర్‌కు అలాంటి దారి ఉండదు. కొందరు రంధ్రాలు మూసేస్తారు. ఆవిరి హెడ్‌లోనే చిక్కి, ఆ చోట లోహం కాలి, హెడ్ గాస్కెట్ పోతుంది. రేడియేటర్ మూత కూడా చిన్న విషయం కాదు. 1 బార్ అదనపు ఒత్తిడి ఆపే మూత ఉంటే నీరు 100 డిగ్రీల బదులు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది.

పదహారు రెట్ల ఒత్తిడి

కార్బురేటర్‌కు పెట్రోలు పావు బార్ ఒత్తిడితో వస్తే చాలు. ఎల్‌ఎస్ ఇంజెక్టర్లకు 4 బార్ కావాలి. పాత రబ్బరు పైపు, పాత క్లిప్పు ఆ ఒత్తిడికి ఊడితే వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇక్కడ పొదుపు చేయకండి, ఇంజెక్షన్‌కని ముద్రవేసిన పైపే కొనండి. ఇంకో సంగతి. కార్బురేటర్ గిన్నెలో కాస్త పెట్రోలు నిల్వ ఉంటుంది గనుక మలుపులో పంపుకు క్షణం అందకపోయినా ఇంజిన్ ఆగదు. ఇంజెక్షన్‌కు ఆ నిల్వ లేదు. ట్యాంకులో అడ్డుగోడలో, పక్కన చిన్న నిల్వ డబ్బానో అవసరం. రెగ్యులేటర్ విషయంలో మాత్రం ఊరట ఉంది. కార్వెట్ కోసం చేసిన పెట్రోలు ఫిల్టర్ ఒకదానిలో 4 బార్ రెగ్యులేటర్ లోపలే ఉంది. స్వాప్ చేసేవాళ్లకు అదొక వరం.

24 పళ్లా, 58 పళ్లా?

క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేది ఒక పళ్ల చక్రం. ఎల్‌ఎస్ కుటుంబంలో మొదటితరం ఇంజిన్లది 24 రకం, తర్వాతి తరానివి చాలావరకు 58 రకం. ఒకదాని కంప్యూటర్ రెండోదాని భాష చదవలేదు. యాక్సిలరేటర్ కూడా అంతే, కొన్నింటికి కేబుల్, కొన్నింటికి కరెంటు. కరెంటుదైతే పెడల్, థ్రాటిల్, కంప్యూటర్ ఒకే జతవి కావాలి. ఇంజిన్ కొనేటప్పుడు వైరింగ్ కత్తిరించకుండా, కంప్యూటర్‌తో సహా ఒకే కారు నుంచి తీసుకోవడం దీనికి తేలికైన మందు.

మీటరు అబద్ధం చెబుతుంది

ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్క చుట్టుకు 3 సార్లు స్పార్క్ వస్తుంది, ఎనిమిదింటిలో 4 సార్లు. పాత చుట్ల మీటరు ఆ దెబ్బలనే లెక్కపెడుతుంది. ఎనిమిది సిలిండర్ల దెబ్బలు దానికి అందితే, నిజంగా 3,000 చుట్లు తిరుగుతున్నా 4,000 చూపిస్తుంది. దానికి సిగ్నల్ మార్చే చిన్న పెట్టె కావాలి. 240జెడ్ డ్యాష్‌బోర్డులో అమ్మీటర్ కూడా ఉంది. కారు కరెంటు దాని గుండానే పోతుంది. 100 ఆంపియర్లు దాటే కొత్త ఆల్టర్నేటర్‌ను దానికి కలిపితే వైర్లు కాలతాయి, కాబట్టి దారి మళ్లించాలి. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజిన్‌కు బాడీతో లావుపాటి ఎర్త్ పట్టీ మరవకండి. అది లేకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్‌లాంటి సన్నటి దారులు వెతుక్కుని దాన్ని మాడ్చేస్తుంది.

ట్రక్కు బ్రేకులు స్పోర్ట్స్ కారుకు

గంటకు 100 నుంచి 140 కిలోమీటర్లకు వేగం పెరిగితే, ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. టయోటా ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కుల నాలుగు పిస్టన్ల కాలిపర్లు 240జెడ్ ముందు స్ట్రట్‌లకు బోల్టులతో సరిపోతాయన్నది జెడ్ ప్రియులకు తరాలుగా తెలిసిన కిటుకు. స్క్రాప్ యార్డు భాగంతో పని జరుగుతుంది. ముందు వెనకల మధ్య బ్రేకు బలం తూకం తప్పకుండా చూసుకోవాలి. కొత్త ఇంజిన్ మొదటిసారి స్టార్టయ్యేలోపే కొత్త బ్రేకులు సిద్ధంగా ఉండాలి.

చట్టం ఏమంటుంది?

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి పెట్రోలు కార్లకు పొగ పరీక్ష మినహాయింపు ఉంది. 240జెడ్ అందులో ఉంటుంది. 1976, ఆ తర్వాతి మోడల్ 280జెడ్‌లకు ఆ వెసులుబాటు లేదు. వాటిలో ఎక్కించే ఇంజిన్ కారు అంత కొత్తదో, ఇంకా కొత్తదో కావాలి, దాని కాలుష్య నియంత్రణ సామగ్రి అంతా ఉండాలి. అక్కడి మన తెలుగువాళ్లు కారు కొనేముందే మోడల్ సంవత్సరం చూసుకోవడం మంచిది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత కారుకు వేరే ఇంజిన్ ఎక్కించే ఆలోచన ఉంటే ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి.

దించిన ఇంజిన్‌ను అమ్మకండి

2020 జనవరిలో అమెరికాలో జరిగిన ఒక ఆన్‌లైన్ వేలంలో 1971 నాటి 240జెడ్ 3,10,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అందులో వీ8 లేదు. పుట్టినప్పటి రూపు చెక్కుచెదరని కారు అది. అందుకే దించిన ఇంజిన్‌ను, కార్బురేటర్లను, ప్రతి బ్రాకెట్‌నూ నూనె పూసి, చీటీ కట్టి దాచండి. బాడీని కోయకుండా బోల్టులతో బిగిసే మౌంట్లే ఎంచుకోండి. రేపు ఎవరైనా కారును మళ్లీ మొదటి రూపుకు తేవాలనుకుంటే దారి తెరిచే ఉంటుంది.

ఇంజిన్ మార్చాలనుకునేవారు ముందు టేపు పట్టి కారును కొలవండి. కొలతను బట్టి చాంబర్, మౌంట్లు, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, బ్రేకులు, పెట్రోలు పైపు దాకా ధరలతో జాబితా రాయండి. ఆ జాబితా మొత్తం మీ చేతిలోని డబ్బుకు లోబడినప్పుడే ఇంజిన్‌కు బయానా ఇవ్వండి.